కాంటాక్ట్‌లెస్ ప్రయాణ కార్డులు, నగర రైళ్ల మార్పిడి: రాయచూరు జిల్లా ప్రయాణికుల మార్గాలు

కాంటాక్ట్‌లెస్ ప్రయాణ కార్డు అంటే స్టేషన్ గేటు మీది రీడరుకు ఆనించగానే రేడియో తరంగాల ద్వారా వివరాలు ఇచ్చిపుచ్చుకుని, తనలోని నిల్వ నుంచి చార్జీ చెల్లించే చిప్ కార్డు. మెట్రో, లోకల్ రైలు, ప్రాంతీయ రైలు వంటి సర్వీసుల మధ్య మారే చోట ఈ కార్డు ఎంతవరకు ఉపయోగపడుతుందో తేల్చేది చిప్ సామర్థ్యం కన్నా ఎక్కువగా ఆ రైళ్లు నడిపే సంస్థల ఒప్పందాలే. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో మెట్రో లేదు, లోకల్ రైలూ లేదు. అయితే చదువులకు, ఆసుపత్రులకు, కూలి పనులకు, వ్యాపారానికి ఇక్కడి జనం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై నగరాలకు రైల్లో వెళ్తుంటారు. దూరపు రైలు దిగి నగర రైలు ఎక్కే చోటే వారికి ఈ కార్డుల అవసరం ఎదురవుతుంది. ఈ వ్యాసం ఆ నాలుగు నగరాల్లో కార్డుల వాడకాన్ని, దాని వెనకున్న సాంకేతికతను, చార్జీల లెక్కను, ఇతర దేశాల పద్ధతులను వివరిస్తుంది.

రాయచూరు రైలు నేపథ్యం

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ దోఆబ్‌లో ఉన్న రాయచూరు దేశంలోని పాత రైలు కూడళ్లలో ఒకటి. బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే వేసుకుంటూ వచ్చిన మార్గాలు 1871లో ఇక్కడే కలిశాయి. బొంబాయి, మద్రాసుల మధ్య నేరుగా రైలు ప్రయాణం అలా సాధ్యమైంది. నేటికీ ముంబై–చెన్నై మెయిల్, ముంబై–బెంగళూరు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్ మీదుగానే నడుస్తాయి.

జిల్లాకు తెలుగు ప్రాంతాలతో అనుబంధం పాలనలోనూ ఉండేది. 1956 నవంబరు 1 వరకు రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు దాని కిందే ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లగా, ఆ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. పాలన విడిపోయినా రాకపోకలు ఆగలేదు. 2013లో గద్వాల–రాయచూరు రైలు మార్గం తెరుచుకున్నాక హైదరాబాద్‌కు రెండో దారి ఏర్పడింది. పాత దారి వాడి, తాండూరు, వికారాబాద్, లింగంపల్లి, బేగంపేట మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. కొత్త దారి గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా కాచిగూడకు వెళ్తుంది. జిల్లాలో మరో పెద్ద పట్టణమైన సింధనూరుకు 2024లో గంగావతి వైపు నుంచి రైలు వచ్చింది. దేవదుర్గ, మస్కి, లింగసుగూరు వంటి చోట్ల నుంచి వచ్చేవారు మాత్రం బస్సులో రాయచూరు చేరి రైలు ఎక్కాల్సిందే.

ఏ దారిన వెళ్లి ఏ స్టేషన్‌లో దిగారన్న దాన్ని బట్టే నగరంలో తర్వాతి రైలు మారుతుంది. దానితో పాటే టికెట్ పద్ధతీ మారుతుంది.

కార్డు పనిచేసే తీరు

ఈ కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగచుట్ట, దానికి అతికిన చిప్ ఉంటాయి. గేటు మీది రీడరు 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. కార్డు ఆ క్షేత్రంలోకి రాగానే తీగచుట్టలో విద్యుత్తు పుట్టి చిప్ మేలుకుంటుంది. దూరం సుమారు 10 సెంటీమీటర్లు దాటితే సంభాషణ సాగదు. ఈ రకం కార్డులకు ఐఎస్ఓ/ఐఈసీ 14443 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. జపాన్, హాంకాంగ్ కార్డుల్లో సోనీ సంస్థ ఫెలికా పద్ధతిని వాడుతున్నారు.

లోపలికి వెళ్లేటప్పుడు గేటు కార్డులో స్టేషన్ పేరును, సమయాన్ని రాస్తుంది. బయటికి వచ్చేటప్పుడు గేటు ఆ వివరాలు చదివి, రెండు స్టేషన్ల మధ్య చార్జీ లెక్కగట్టి, నిల్వలో తగ్గించి, ప్రయాణం ముగిసినట్టు నమోదు చేస్తుంది. ఇదంతా అర సెకను లోపు పూర్తి కావాలి. లేకపోతే రద్దీ వేళల్లో గేటు ముందు జనం పేరుకుపోతారు. అందుకే చాలా వ్యవస్థల్లో డబ్బు నిల్వను కార్డులోనే ఉంచుతారు. ప్రతి ప్రయాణికుడి కోసం బ్యాంకు సర్వరును అడిగి జవాబు వచ్చేదాకా ఆగే తీరిక గేటుకు ఉండదు.

భద్రత విషయంలో పాత కార్డులకు పెద్ద దెబ్బ 2008లో తగిలింది. ప్రపంచమంతటా రవాణా సంస్థలు వాడుతున్న మైఫేర్ క్లాసిక్ చిప్‌లోని రహస్య లిపిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించి చూపారు. ఆ తర్వాత సంస్థలు బలమైన లిపి ఉన్న చిప్‌ల వైపు, బ్యాంకు కార్డుల ప్రమాణం వైపు మళ్లాయి.

మార్పిడిలో రకాలు

రైలు మారే ప్రయాణికుడికి కార్డు మూడు రకాల పరిస్థితుల్లో పనిచేస్తుంది.

మొదటిది, గేటు దాటకుండానే మారడం. రెండు మార్గాలనూ ఒకే సంస్థ నడుపుతుంటే ప్లాట్‌ఫారం మారితే చాలు. కార్డును ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ఆనిస్తారు. మధ్యలో ఎక్కడ మారినా చార్జీ మొదటి, చివరి స్టేషన్ల లెక్కే.

రెండోది, బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లడం, కానీ అదే కార్డుతో. ఇక్కడ రెండు సంస్థలూ ఒకే కార్డును ఒప్పుకుంటాయి. ఆ రెండు అంచెలను ఒక ప్రయాణంగా లెక్కించాలా, రెండుగానా అన్నది వాటి మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

మూడోది, ఒకవైపు కార్డు, మరోవైపు వేరే టికెట్. రెండు వ్యవస్థలకూ పొత్తు ఉండదు. మెట్రో నుంచి రైల్వే లోకల్‌కు మారే ప్రయాణికుడికి భారతీయ నగరాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

హైదరాబాద్: మెట్రో, ఎంఎంటీఎస్

హైదరాబాద్ మెట్రోను 2017 నవంబరు 28న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. మరునాటి నుంచి ప్రజలు ఎక్కారు. మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లతో మొదలై, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంతో మొదటి దశ 69 కిలోమీటర్లకు చేరింది. మొత్తం స్టేషన్లు 57. ఎల్ అండ్ టీ సంస్థ ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో దీన్ని నిర్మించి నడిపింది. ఈ మెట్రోను రాష్ట్రం తీసుకునేందుకు ప్రభుత్వం, ఆ సంస్థ 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకారానికి వచ్చాయి.

మెట్రో లోపల మార్పిడి తేలిక. ఎరుపు, నీలి మార్గాలు అమీర్‌పేటలో, ఎరుపు, ఆకుపచ్చ మార్గాలు ఎంజీబీఎస్‌లో, నీలి, ఆకుపచ్చ మార్గాలు పరేడ్ గ్రౌండ్–జేబీఎస్ వద్ద కలుస్తాయి. స్మార్ట్ కార్డు, టోకెన్, ఫోన్‌లోని క్యూఆర్ టికెట్, ఏది వాడినా చార్జీ మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్ వరకే. నాగోలులో ఎక్కి అమీర్‌పేటలో మారి మియాపూర్‌లో దిగినవారికి మారినందుకు అదనంగా ఏమీ పడదు.

ఎంఎంటీఎస్ కథ వేరు. దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ లోకల్ రైళ్లను 2003 ఆగస్టు 9న నాటి ఉప ప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ ప్రారంభించారు. సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమా స్టేషన్ల మధ్య మొదలైన సర్వీసులు రెండో దశలో మేడ్చల్, ఉందానగర్ దిక్కులకూ సాగాయి. ఇక్కడ కనీస చార్జీ 5 రూపాయలే. ప్లాట్‌ఫారం మీదికి వెళ్లడానికి ఆటోమేటిక్ గేట్లు ఉండవు. రైల్వే కౌంటరులో, ఆటోమేటిక్ టికెట్ యంత్రంలో, 2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో టికెట్ తీసుకుంటారు. టీసీ అడిగితే చూపిస్తారు.

రైల్వేకూ ఒక స్మార్ట్ కార్డు ఉంది. దాన్ని స్టేషన్‌లోని టికెట్ యంత్రం మీద పెడితే నిల్వలోంచి డబ్బు తగ్గి కాగితపు టికెట్ వస్తుంది. అంటే ఆ కార్డు టికెట్ కొనడానికి సాధనమే తప్ప, ప్రయాణాన్ని నమోదు చేసేది కాదు. మెట్రో కార్డు దీనికి పూర్తిగా భిన్నం: అక్కడ కార్డే టికెట్. ఎంఎంటీఎస్ స్టేషన్‌లో మెట్రో కార్డును ఆనించడానికి రీడరు ఉండదు. ఒక్క రీడరు పెట్టించినంత మాత్రాన సమస్య తీరదు కూడా. గేటు లేని ప్లాట్‌ఫారంలో ఎవరు ఎక్కడ దిగారో చార్జీ లెక్కకు తెలియాలి.

ఇక స్థలాల సంగతి. పేరు ఒకటే అయినా అన్ని చోట్లా మార్పిడి ఒకేలా ఉండదు. నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, భరత్‌నగర్, మలక్‌పేట, బేగంపేటల్లో రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్ నడక దూరంలో ఉన్నాయి. సికింద్రాబాద్ జంక్షన్‌కు తూర్పు వైపు నీలి మార్గంలో సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్, పడమర వైపు ఆకుపచ్చ మార్గంలో సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్ ఉన్నాయి. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్, మెట్రో స్టేషన్ రెండూ ఉన్నా అవి పక్కపక్కన లేవు, ఆటో ఎక్కాలి.

రాయచూరు నుంచి వాడి మీదుగా వచ్చేవారిలో మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్లేవారికి లింగంపల్లిలో దిగి ఎంఎంటీఎస్ ఎక్కడం ఒక దారి. రైలు ఆగితే బేగంపేటలో దిగి నీలి మార్గం మెట్రోలో రాయదుర్గం వైపు వెళ్లడం మరో దారి. గద్వాల మీదుగా కాచిగూడ చేరినవారికి స్టేషన్ పక్కన మెట్రో లేదు. ఎంఎంటీఎస్‌లో మలక్‌పేట చేరితే అక్కడ ఎరుపు మార్గం అందుతుంది. మలక్‌పేటలో ఎల్బీనగర్ వైపు రైలు ఎక్కినా, అమీర్‌పేట వైపు ఎక్కినా ఎంఎంటీఎస్ టికెట్ పని అక్కడితో ముగిసి, మెట్రోలో చార్జీ మొదటి నుంచి మొదలవుతుంది.

మెట్రోకు, ఆర్టీసీ బస్సులకు కలిపి ఉమ్మడి కార్డు తెస్తామని 2023లో నాటి మంత్రులు కె.టి. రామారావు, పువ్వాడ అజయ్ కుమార్ ప్రకటించారు.

బెంగళూరు

బెంగళూరు వెళ్లే రాయచూరు ప్రయాణికులకు ఏ టెర్మినల్‌లో దిగుతారన్నది ముఖ్యం. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ చేరే కేఎస్ఆర్ స్టేషన్ పక్కనే ఊదా మార్గపు మెట్రో స్టేషన్ ఉంది. తర్వాతి స్టేషన్ మెజెస్టిక్, అక్కడ ఆకుపచ్చ మార్గం కలుస్తుంది. యశ్వంతపూర్‌లో దిగినవారికి ఆకుపచ్చ మార్గం దగ్గర. 2024 మార్చిలో మొదలై రాయచూరులో ఆగే కలబురగి–బెంగళూరు వందేభారత్ మాత్రం బయ్యప్పనహళ్లి వద్దనున్న ఎస్ఎంవీటీ టెర్మినల్‌కు వెళ్తుంది. దాన్ని ఆనుకుని మెట్రో స్టేషన్ లేదు. రైలు వేగంగా తెచ్చి దించిన సమయంలో కొంత టెర్మినల్ నుంచి మెట్రోకు చేరడంలో పోతుంది.

నమ్మ మెట్రో 2011 అక్టోబరు 20న మొదలైంది. సొంత స్మార్ట్ కార్డుతో పాటు 2023 నుంచి జాతీయ ఉమ్మడి కార్డును కూడా గేట్లు తీసుకుంటున్నాయి. 2025 ఫిబ్రవరి 9న పెరిగిన చార్జీల్లో గరిష్ఠం 90 రూపాయలు. స్మార్ట్ కార్డు వాడితే 5 శాతం, రద్దీ లేని వేళల్లో మరో 5 శాతం తగ్గింపు ఇచ్చారు. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా పసుపు మార్గం తెరుచుకుంది. ఎలక్ట్రానిక్స్ సిటీకి పనుల మీద వెళ్లేవారు యశ్వంతపూర్‌లో ఆకుపచ్చ మార్గం ఎక్కి ఆర్.వి. రోడ్డులో మారితే ఒకే కార్డుతో, ఒకే చార్జీతో చేరగలుగుతున్నారు.

చెన్నై, ముంబై, ఢిల్లీ

చెన్నై మెట్రో 2015 జూన్ 29న ప్రారంభమైంది. జాతీయ ఉమ్మడి కార్డు రూపంలోని సింగార చెన్నై కార్డు 2023 ఏప్రిల్ 14న వచ్చింది. 2025లో మెట్రో తన పాత ప్రయాణ కార్డును నిలిపివేసి ప్రయాణికులను ఈ కార్డుకు మళ్లించింది. నగర బస్సుల్లోనూ దీన్ని ఒప్పుకోవడం మొదలైంది. చెన్నై సెంట్రల్ చుట్టూ దూరపు రైళ్లు, మెట్రో, పార్క్ స్టేషన్‌లోని లోకల్ రైళ్లు, పార్క్ టౌన్‌లోని ఎంఆర్‌టీఎస్ రైళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. మెట్రోలో కార్డు చెల్లుతుంది. రైల్వే నడిపే లోకల్‌కు రైల్వే టికెట్ కావాలి.

ముంబైలో లోకల్ రైళ్ల చరిత్ర మెట్రో కన్నా ఎంతో పాతది. రోజూ తిరిగేవారు సీజన్ టికెట్ మీదే ఆధారపడతారు. 2014లో మొదలైన ఘాట్‌కోపర్–వర్సోవా మెట్రో, 2022లో మొదలైన 2ఏ, 7 మార్గాలు, 2024లో మొదలైన భూగర్భ 3వ మార్గం వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నాయి. 2023 జనవరి 19న ముంబై 1 కార్డును, 2025 అక్టోబరులో 11 రవాణా సంస్థల టికెట్లను ఒకచోట ఇచ్చే ముంబై వన్ యాప్‌ను ప్రధాని ప్రారంభించారు. కార్డుతో కుదరని పొత్తును యాప్‌తో కుదిర్చే ప్రయత్నంగా దీన్ని చూడవచ్చు. 2025 అక్టోబరులోనే 3వ మార్గం సీఎస్ఎంటీ వరకూ అందింది. రాయచూరు మీదుగా వచ్చే రైళ్లు కొన్ని ఆగేది అక్కడే.

ఈ నాలుగు నగరాలతో పోలికకు ఢిల్లీని చూడవచ్చు. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరు 24న మొదలైననాటి నుంచే కాంటాక్ట్‌లెస్ టోకెన్లు, కార్డులు వాడింది. ఆ ప్రాంతంలో రెండు ఉదాహరణలు పక్కపక్కన కనిపిస్తాయి. గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రోకు సికందర్‌పూర్‌లో మారేవారికి ఢిల్లీ మెట్రో కార్డు చెల్లుతుంది. 2019 జనవరిలో మొదలైన నోయిడా మెట్రో మాత్రం వేరే కార్డుతో వచ్చింది. ఢిల్లీ మెట్రో సెక్టార్ 52 స్టేషన్‌కు, నోయిడా మెట్రో సెక్టార్ 51 స్టేషన్‌కు మధ్య కొద్ది దూరమే అయినా అక్కడ గేటుతో పాటు కార్డూ మారింది, చార్జీ కొత్తగా మొదలైంది.

జాతీయ ఉమ్మడి ప్రయాణ కార్డు

ఈ చిక్కు తీర్చడానికే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు, అంటే ఎన్‌సీఎంసీ, వచ్చింది. 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ప్రధాని దీన్ని ప్రారంభించారు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ రూపే పద్ధతి మీద దీన్ని రూపొందించింది. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ గేట్లు తయారుచేసింది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మార్గంలో 2020 డిసెంబరు 28న, 2023 అక్టోబరులో మొదలైన నమో భారత్ ప్రాంతీయ రైళ్లలో ఇది అమల్లోకి వచ్చింది.

ఈ కార్డును అర్థం చేసుకోవడంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. రాయచూరులోని ఏదో బ్యాంకు ఇచ్చిన రూపే డెబిట్ కార్డుపై ఎన్‌సీఎంసీ గుర్తు ఉండవచ్చు. ఖాతాలో వేల రూపాయలున్నా మెట్రో గేటు దాన్ని చూడదు. చిప్‌లో విడిగా ఉండే చిన్న వాలెట్‌లో డబ్బు వేసుకుంటేనే గేటు తెరుచుకుంటుంది. యాప్‌లో రీచార్జి చేసినా ఆ మొత్తం వెంటనే కార్డులోకి చేరదు. స్టేషన్‌లోని యంత్రం మీద కార్డు పెట్టి బ్యాలెన్స్‌ను నవీకరించుకోవాలి. కొత్తవారు గేటు ముందు ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం. ఈ వాలెట్ పిన్ లేకుండా పనిచేస్తుంది కాబట్టి కార్డు పోతే అందులోని డబ్బు దక్కుతుందన్న భరోసా ఉండదు. ఈ నిల్వకు 2,000 రూపాయల పరిమితి పెట్టింది అందుకే.

బ్యాంకు ఖాతా లేనివారికీ దారి ఉంది. ప్రజా రవాణా చెల్లింపులకు మాత్రమే వాడే ముందస్తు చెల్లింపు కార్డులను గుర్తింపు పత్రాల తనిఖీ లేకుండా జారీ చేయడానికి 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు, ఇతర సంస్థలకు అనుమతించింది. వాటిలో నిల్వ 3,000 రూపాయలు మించరాదు. నగదుగా తీసుకోవడం, మరొకరికి బదిలీ చేయడం కుదరదు.

చార్జీ లెక్క, వాటాల పంపకం

కార్డు ఒకటి కావడం ఒక సంగతి, చార్జీ ఒకటి కావడం మరో సంగతి. నగర రైళ్ల చార్జీలు దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతాయి. మొదటి కిలోమీటర్లే ఖరీదు. హైదరాబాద్ మెట్రో 2017లో ప్రకటించిన పట్టికను తీసుకుంటే 4 నుంచి 6 కిలోమీటర్లకు 25 రూపాయలు, 6 నుంచి 8 కిలోమీటర్లకు 30, 10 నుంచి 14 కిలోమీటర్లకు 40 ఉండేది. 13 కిలోమీటర్లు ఒకే వ్యవస్థలో వెళ్తే 40 రూపాయలు. అదే దూరాన్ని ఇవే రేట్లున్న రెండు సంస్థల రైళ్లలో 7, 6 కిలోమీటర్లుగా పంచుకుని వెళ్తే 30, 25 కలిసి 55 రూపాయలు. ఒకే కార్డు వాడినా ఈ 15 రూపాయల తేడా అలాగే ఉంటుంది. రెండు సంస్థలూ కూర్చుని, తగ్గిన ఆదాయాన్ని ఎవరు భరించాలో తేల్చుకుంటేనే అది పోతుంది.

ఆ తేల్చుకోవడంలో అనేక చిక్కులున్నాయి. కార్డు ఇచ్చిన బ్యాంకు, గేటు వద్ద వసూలు చేసే బ్యాంకు, రైలు నడిపే సంస్థ, మధ్యలో లెక్కలు సరిచూసే క్లియరింగ్ వ్యవస్థ, వీటన్నిటి మధ్య డబ్బు పారుతుంది. మెట్రో అప్పు తెచ్చి కట్టినది. చార్జీ తగ్గిస్తే వాయిదాల మీద భారం పడుతుంది. రైల్వే లోకల్ చార్జీ దేశవ్యాప్త విధానంలో భాగం. ఒక నగరం కోసం దాన్ని విడిగా మార్చడం తేలిక కాదు. ఎంఎంటీఎస్ 5 రూపాయల టికెట్‌కు, మెట్రో చార్జీకి ఉమ్మడి పట్టిక రాయాలంటే కేంద్ర రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, మెట్రో సంస్థ మూడూ ఒప్పుకోవాలి.

ఇతర దేశాల అనుభవం

హాంకాంగ్‌లో ఆక్టోపస్ కార్డు 1997 సెప్టెంబరు 1న వచ్చింది. రెండు రైలు సంస్థలూ దాన్ని మొదటి రోజు నుంచే ఒప్పుకున్నాయి. అయినా ఒక సంస్థ రైలు నుంచి మరో సంస్థ రైలుకు కౌలూన్ టాంగ్ వంటి స్టేషన్లలో మారేవారు రెండు చార్జీలు కట్టేవారు. 2007 డిసెంబరు 2న రెండు సంస్థలూ విలీనమయ్యాక రెండో చార్జీ రద్దయింది. తర్వాత మధ్య గేట్లను కూడా తొలగించారు. కార్డు పదేళ్ల పాటు ఒకటే, మారింది యాజమాన్యం.

సింగపూర్‌లో ఈజీ-లింక్ కార్డు 2002లో వచ్చింది. బస్సు, రైలు ఎన్ని మారినా మొత్తం దూరానికే చార్జీ లెక్కగట్టే పద్ధతి 2010 జులైలో అమలైంది. ప్రభుత్వం చార్జీల విధానాన్ని తన చేతిలోకి తీసుకుని సంస్థలను ఒప్పించడం వల్ల అది సాధ్యమైంది.

లండన్‌లో 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు మార్పిడికి రెండు ఉపాయాలు చూపింది. దగ్గర్లోని రెండు స్టేషన్ల మధ్య వీధిలో నడిచి మారాల్సి వస్తే, నిర్ణీత సమయం లోపు మళ్లీ గేటు దాటినవారి ప్రయాణాన్ని కొనసాగింపుగానే లెక్కిస్తారు. నగరం నడిబొడ్డును తప్పించుకుని చుట్టుదారిన వెళ్లేవారు మారే స్టేషన్‌లో గులాబీ రంగు రీడరుకు కార్డు ఆనిస్తే తక్కువ చార్జీ పడుతుంది. 2014 సెప్టెంబరు నుంచి అక్కడి మెట్రో గేట్లు మామూలు బ్యాంకు కార్డులనూ తీసుకుంటున్నాయి.

అమెరికాలో తెలుగువారు ఎక్కువగా ఉండే రెండు ప్రాంతాలు ఈ విషయంలో పాఠాలు చెబుతాయి. న్యూజెర్సీలోని జెర్సీ సిటీ నుంచి పాత్ రైల్లో న్యూయార్క్ చేరి సబ్‌వేకు మారేవారు ఏళ్ల తరబడి అదే మెట్రోకార్డును రెండు చోట్లా గీసుకోగలిగేవారు. మారినందుకు రాయితీ మాత్రం ఉండేది కాదు. కాలిఫోర్నియా బే ఏరియాలో ఫ్రీమాంట్, మిల్‌పిటాస్ వైపు వెళ్లే బార్ట్, సన్నీవేల్, శాన్ హోసే వైపు వెళ్లే కాల్‌ట్రెయిన్ రెండింటిలోనూ క్లిప్పర్ కార్డు చెల్లుతుంది. బార్ట్ స్టేషన్లలో గేట్లున్నాయి. కాల్‌ట్రెయిన్ ప్లాట్‌ఫారాలకు గేట్లు లేవు. స్తంభానికి అమర్చిన రీడరుకు ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి కార్డు ఆనించాలి, లోపల తనిఖీ సిబ్బంది చేతి యంత్రంతో చూస్తారు. గేట్లు లేని ఎంఎంటీఎస్ వంటి రైళ్లలో కార్డు వాడకానికి దగ్గరి నమూనా ఇదే.

అప్పుడప్పుడు వచ్చే ప్రయాణికులు

కార్డు రాయితీలు, రీచార్జి పద్ధతులు రోజూ తిరిగేవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. రాయచూరు నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో రోగిని తీసుకొచ్చే కుటుంబం ఏడాదికి కొద్దిసార్లే మెట్రో ఎక్కుతుంది. కార్డు ఒక్కొక్కరికి ఒకటి కావాలి; గేటు ఒక కార్డు మీద ఒకేసారి ఇద్దరిని లెక్కించదు. నలుగురు వెళ్తే నాలుగు కార్డులు కొని, నాలుగింటిలో నిల్వ వదిలేయడం దండగ. అలాంటివారికి టోకెన్ లేదా క్యూఆర్ టికెట్ సరిపోతుంది. హైదరాబాద్ మెట్రో 2022 నుంచి వాట్సాప్‌లోనూ టికెట్ ఇస్తోంది. నెలకు రెండు మూడు నగరాలు తిరిగే వ్యాపారికి, ఉద్యోగార్థికి మాత్రం ఎన్‌సీఎంసీ లాభం: బెంగళూరులో మిగిలిన నిల్వ చెన్నైలో పనికొస్తుంది.

వాడకంలో తరచూ తలెత్తే ఇబ్బందులు కొన్ని అన్ని నగరాల్లోనూ ఒకటే. పర్సులో రెండు కాంటాక్ట్‌లెస్ కార్డులుంటే రీడరు ఏదో ఒకదాన్ని చదవవచ్చు, లేదా దేన్నీ చదవకపోవచ్చు. వాడాల్సిన కార్డును బయటికి తీసి ఆనించడం మేలు. ఎక్కేటప్పుడు ఒక కార్డు, దిగేటప్పుడు మరో కార్డు ఆనిస్తే రెండు ప్రయాణాలూ అసంపూర్తిగా నమోదవుతాయి. గేటు లోపల నిర్ణీత సమయం మించి ఉంటే జరిమానా పడుతుంది. మార్పిడి స్టేషన్‌లో బంధువుల కోసం గంటల తరబడి కూర్చునేవారికి ఇది వర్తిస్తుంది. గేటు తెరుచుకోకపోతే కార్డును పదేపదే ఆనించడం కన్నా పక్కనున్న కస్టమర్ కేర్ కౌంటరులో చూపితే అక్కడి సిబ్బంది నమోదును సరిచేస్తారు.

ప్రస్తుత స్థితి

సారాంశంగా చూస్తే, ఒకే మెట్రో లోపల మారడం నాలుగు నగరాల్లోనూ సాఫీగా సాగుతోంది. నగరం మారినా చెల్లే కార్డుగా ఎన్‌సీఎంసీ స్థిరపడుతోంది. మెట్రోకు, రైల్వే లోకల్‌కు మధ్య మారడం మాత్రం ఇంకా రెండు టికెట్ల వ్యవహారమే. దాన్ని మార్చడానికి కావలసినవి మూడు: ఎంఎంటీఎస్ వంటి గేట్లు లేని ప్లాట్‌ఫారాల మీద రీడర్లు, రెండు అంచెలను ఒక ప్రయాణంగా లెక్కించే చార్జీల పట్టిక, తగ్గిన ఆదాయాన్ని పంచుకునే ఒప్పందం. వీటిలో మొదటిది పరికరాల పని, కొనుగోలుతో తీరుతుంది. మిగిలిన రెండూ రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వాలు, మెట్రో సంస్థలు కలిసి రాసుకోవలసినవి. అవి కుదిరితే లింగంపల్లిలోనో మలక్‌పేటలోనో రైలు మారే రాయచూరు ప్రయాణికుడు తన ఊరి బ్యాంకు ఇచ్చిన కార్డుతోనే, మొత్తం దూరానికి ఒకే చార్జీ కట్టి నగరంలో తిరగగలుగుతాడు.